పొద్దున పలకని పెట్టె

ఆయన్ని ఆఫీసులో అందరూ లాగ్‌సారు అంటారు. అసలు పేరు జీతాలు వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తుండదు. తూకం యంత్రాలకి ప్రోగ్రాములు రాసే కంపెనీలో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, అది నెరిసి పలచబడినా అక్కడే ఉన్నాడు. ఎవరైనా "సార్, ప్రోగ్రాం ఆగిపోయిందండీ" అంటూ కొంపలంటుకున్నట్టు పరుగెత్తుకొస్తే, కుర్చీలోంచి కదలకుండా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "లాగ్ ఏమంటోంది?" అని అడుగుతాడు. ప్రోగ్రాం తాను చేసిన పనులూ తనకొచ్చిన ఇబ్బందులూ ఎప్పటికప్పుడు రాసి పెట్టే చిట్టాని లాగ్ అంటారు. అది చూడకుండా వచ్చినవాళ్ళకి చీవాట్లు ఖాయం.

"మనిషి అబద్ధం చెప్తాడయ్యా. కావాలని కాదు, తెలీక చెప్తాడు. లాగ్ చెప్పదు. వెళ్ళి చూసి రా."

ఆయనది ఇంకో మాట కూడా ఉంది. కొట్లో కాటా తప్పు చూపిస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే, తన బల్ల మీద అదే ప్రోగ్రాం ఒకసారి నడిపి, "నా దగ్గర బాగానే పనిచేస్తోందే!" అంటాడు. ఆ మాట అన్నాక ఇక అవతలివాళ్ళదే తప్పని ఆయన లెక్క. చాలాసార్లు అవతలివాళ్ళదే తప్పయ్యేది కూడా, అందుకే ఆ అలవాటు ముదిరిపోయింది.

ఇంత తెలిసిన మనిషి తన సొంత ఇంట్లో, తన సొంత అక్క విషయంలో చేసిన నిర్వాకం తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. మండినా చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు, అక్కంటే ప్రాణం. అదే మరీ బాధ.

లాగ్‌సారుకి అమ్మంటే అక్కే. అమ్మ పోయేనాటికి ఈయనకి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అక్క చదువు మధ్యలో ఆపేసి బస్టాండులో అనౌన్సరుగా చేరింది. ఆ ఊళ్ళో ఆవిడ మొహం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. "ప్రయాణికులు దయచేసి వినండి" అని ఆవిడ అంటే, గొడవపడుతున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి చెవి అటు పడేసేవారు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "తమ్ముడి చదువవ్వనీ" అనేది. చదువయ్యాక "వాడి పెళ్ళి కానీ" అంది. అదీ అయింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాడు తమ్ముడే. ఆయనకి తోచలేదు.

బస్టాండులో అక్కది గాజు కిటికీ ఉన్న ఇరుకు గది. ఒక మైకు, దాని పక్కన నల్లటి స్విచ్చు. చేరిన కొత్తలో ఆ స్విచ్చు కట్టేయడం మర్చిపోయి, డిపో మేనేజరు నడక బాతు నడకలా ఉందని ఊడ్చే ఆవిడతో చెప్పి నవ్వుకుంది. బస్టాండంతా విన్నది. మేనేజరు కూడా విన్నాడు. ఆ తర్వాత జన్మలో ఆవిడ ఏ స్విచ్చూ కట్టేయకుండా కుర్చీలోంచి లేవలేదు. ఇంట్లో కూడా అంతే, పడుకునే ముందు ఫ్యాను తప్ప అన్నిటి పీకా నొక్కేది. "టక్, టక్" అని మెట్ల మీదికి వినపడేది.

గాజు కిటికీకి అవతల కూర్చునేది కంట్రోలర్ గారు. ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో చీటీ మీద రాసి కిటికీ సందులోంచి ఇవతలికి తోసేవారు, అక్క చదివేది. ఏళ్ళ తరబడి ఆయన రాయడం, ఈవిడ చదవడం. ఒకరినొకరు "అనౌన్సరుగారూ", "కంట్రోలర్ గారూ" అనే పిలుచుకున్నారు. ఆయన భార్య పోయింది. ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉంటుంది. తర్వాత ఆయన కళ్ళు మసకబారాయి, అక్షరాలు కనపడటం మానేశాయి, ఇంటికి పంపేశారు. అక్క కూడా రిటైరయ్యాక, ఆయన రోజూ పొద్దున, తమ్ముడూ మరదలూ పనులకి వెళ్ళిపోయాక, ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసేవారు. ఏం మాట్లాడుకునేవారంటే ఏమీ లేదు. ఫలానా బస్సు ఇంకా ఆలస్యంగానే వస్తోందట, వాన వచ్చేలా ఉంది, ఇవే. కానీ ఆ ఫోను మోగే వేళకి అక్క తల దువ్వుకుని కూర్చునేది. ఫోనులో తల కనపడదని ఆవిడకి తెలియదా?

ఈ సంగతి మనకి తెలుసు. లాగ్‌సారుకి తెలియదు.

అక్క గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. గదిలోంచి బయటికొచ్చాక లాగ్‌సారు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కే ఓదార్చింది. "ఊరుకోరా. బతికుంటాను కదా. నోరు మూసుకుని బతకమన్నారు, అంతేగా. మీ ఆవిడ సంతోషిస్తుందిలే."

అప్పుడొచ్చింది ఆయనకి ఆలోచన. ఆపరేషనుకి ముందే అక్క గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే? వాక్యానికో బటన్ పెట్టి, నొక్కితే అక్క గొంతే పలికేలా పెట్టె తయారు చేస్తే? మంచి ఆలోచన, కాదనలేం. అక్క తన పాత గదిలోనే రికార్డు చేస్తానంది. కంట్రోలర్ గారు చేతికర్ర పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. కళ్ళు లేకపోతేనేం, చెవులు బాగా పనిచేస్తాయి. "ఇంకోసారి చెప్పండి, చివర గాలి తగిలింది" అంటూ చెప్పించారు. "టీ పెడతావా, చక్కెర తక్కువ వెయ్యి." "తిన్నావురా?" "తలుపేసుకో." "నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి." ఇలా ఇంటివాళ్ళ కోసం కొన్ని. చివర్లో కంట్రోలర్ గారు, "బయటివాళ్ళ కోసం కూడా ఏమైనా ఉంటే..." అని నసిగారు. అక్క కాసేపు మైకు వైపు చూసి రెండు వాక్యాలు చెప్పింది. "నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి" ఒకటి. రెండోది ఒక్కటే మాట. "ఉండండి."

లాగ్‌సారు ఆ మాట పలికే బటన్ కింద కాగితం ముక్క మీద "ఉండండి" అని రాసి అతికించాడు. తలుపు కొట్టిన కొరియరువాడి కోసం కాబోలు అనుకున్నాడు.

పెట్టెలో చిన్న కంప్యూటరు, స్పీకరు, పైన పెద్ద పెద్ద బటన్లు, ఓ మూల పచ్చ లైటు. స్విచ్చు వేస్తే చాలు, ప్రోగ్రాం దానంతటదే మొదలవ్వాలి. ఆ ప్రోగ్రాం లాగ్‌సారు రాశాడు. ప్రోగ్రాం తానుగా పలకదు. బటన్ నొక్కగానే షెల్ అనేదానికి ఓ ఆదేశం అందిస్తుంది, ఆఫీసులో పెద్దసారు చీటీ రాసి అటెండరు చేతిలో పెట్టినట్టు. షెల్ ఆ ఆదేశం ఎక్కడుందో వెతికి పట్టుకుని నడిపిస్తుంది. అప్పుడు శబ్దం వస్తుంది. పని అయ్యాక, అయిందో కాలేదో షెల్ ఒక అంకె రూపంలో తిరిగి చెప్తుంది కూడా. లాగ్‌సారు ఆ అంకె చూడలేదు. షెల్ తిరిగి రాగానే పచ్చ లైటు వెలిగించేశాడు. ఇక తప్పుల సందేశాలంటారా, తెర లేని పెట్టెలో అవెవరు చదువుతారని, పుట్టినవి పుట్టినట్టే గాల్లో కలిసిపోయేలా పెట్టాడు. లాగ్ రాయించలేదు. ఇంటి పనే కదా! ఆఫీసులో ఎవరైనా ఇలా రాసి ఉంటే ఉతికి ఆరేసేవాడు.

తన కీబోర్డు తగిలించి, తన పేరుతో లోపలికి వెళ్ళి, ప్రోగ్రాం నడిపి చూశాడు. మొదటిసారికే పలికింది. ఆపరేషనయి ఇంటికొచ్చిన అక్క ఆ సాయంత్రం వేలు పెట్టి నొక్కితే, "తిన్నావురా?" అని ఇల్లంతా వినపడింది. లాగ్‌సారు భార్య గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. అక్క "నవ్వించకురా" నొక్కింది. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో అంత మంచి సాయంత్రం మళ్ళీ రాలేదు.

పడుకునే ముందు అక్క పెట్టె స్విచ్చు కట్టేసింది. టక్.

మర్నాడు పొద్దున స్విచ్చు వేసి, ఫోను దగ్గర కూర్చుంది. ఫోను మోగింది. స్పీకరు బటన్ నొక్కి ఫోను పెట్టె పక్కన పెట్టుకుంది. "అనౌన్సరుగారూ, ఎలా ఉన్నారు?" అన్నారు కంట్రోలర్ గారు. అక్క "నేను బాగానే ఉన్నాను" నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. శబ్దం రాలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లైటే. "హలో? ఉన్నారా?" గోటితో ఫోను మీద కొట్టింది. "ఏదో చప్పుడొస్తోంది... లైను బాగాలేదేమో" అని ఆయన పెట్టేశారు.

సాయంత్రం లాగ్‌సారు రాగానే అక్క తన చిన్న తెల్లబోర్డు మీద "పొద్దున పలకలేదు" అని రాసి చూపించింది. ఆయన బూట్లు కూడా విప్పకుండా కీబోర్డు తగిలించాడు, తన పేరుతో లోపలికి వెళ్ళాడు, ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపాడు, బటన్ నొక్కాడు. "టీ పెడతావా, చక్కెర తక్కువ వెయ్యి" అంది పెట్టె.

"చూశావా! నా దగ్గర బాగానే పనిచేస్తోందే."

అక్క తల అడ్డంగా ఊపింది.

"పచ్చ లైటు వెలిగిందా?"

వెలిగిందని తల ఊపింది.

"మరింకేం? లైటు వెలిగితే పలికినట్టే. వీధిలో గోలకి నీకు వినపడి ఉండదు."

బస్టాండు గోలలో బతికిన మనిషికి చెప్పే మాటేనా అది?

అలా రోజులు గడిచాయి. పొద్దున పలకదు, సాయంత్రం పలుకుతుంది. తమ్ముడు లేనప్పుడు మూగ, తమ్ముడొస్తే గలగల. ఆయన స్పీకరు మార్చాడు, వైర్లు మార్చాడు, బటన్ల కింద స్ప్రింగులు మార్చాడు. "వేలు తడిగా ఉందేమో అక్కా", "సగం నొక్కి వదిలేస్తున్నావేమో అక్కా" అన్నాడు. జీవితమంతా స్విచ్చులతో బతికినావిడకి స్విచ్చు నొక్కడం నేర్పించాడు. అన్నీ మార్చాడు కానీ, పెట్టెని ఒక్క పొద్దున తానుగా లేవనిచ్చి, తన చెయ్యి పెట్టకుండా చూద్దామని మాత్రం ఆయనకి తోచలేదు. పోనీ, "పగలంతా ఇంట్లో ఒక్కదానివే ఉంటావు, పొద్దున ఎవరితో మాట్లాడాలి అక్కా?" అని ఒక్కసారైనా అడిగాడా? అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పేది. అడక్కుండా చెప్పడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. ఈ వయసులో తమ్ముడికి బోర్డు మీద ఏమని రాస్తుంది?

కంట్రోలర్ గారు మాత్రం ఫోన్ చేస్తూనే ఉన్నారు, కాకపోతే రోజూ కాదు. తనే మాట్లాడి, తనే కాసేపు ఆగి, పెట్టేసేవారు. చూపు ఉంటే మెసేజి చదువుకునేవారు, ఉత్తరం చదువుకునేవారు. ఆయనకి ఉన్నది చెవే. చివరికి ఒకరోజు ఇలా అన్నారు.

"అనౌన్సరుగారూ, అమ్మాయి వచ్చింది. తనతో వచ్చెయ్యమంటోంది. రేపు మధ్యాహ్నం బస్సు. నాకు... నాకు ఇక్కడ ఉండాలనే ఉంది. ఎందుకుండాలో మీకు చెప్పక్కర్లేదు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో అని కూడా ఉంది. రేపు పొద్దున ఒక్కసారి చేస్తాను. ఆ రోజు చివర్న ఒక మాట రికార్డు చేశారు కదా, అది వినిపిస్తే ఆగిపోతాను. ఏమీ వినపడకపోతే... వెళ్ళిపోతాను. తప్పుగా అనుకోకండి."

అక్క "ఉండండి" నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. మళ్ళీ నొక్కింది. ఆయన పెట్టేశారు.

ఆ సాయంత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: "రేపు పొద్దున తప్పకుండా పలకాలి." కింద గీత కూడా గీసింది.

లాగ్‌సారుకి ఆఫీసులో ఆ రోజు బాగోలేదు. ఉసూరుమంటూ వచ్చి ఉన్నాడు. బోర్డు చూడగానే విసుగొచ్చింది. అయినా కీబోర్డు తగిలించాడు, తన పేరుతో లోపలికి వెళ్ళాడు, నడిపాడు. అన్ని బటన్లూ వరసగా నొక్కాడు, అన్నీ పలికాయి.

"ఇదిగో. ఇదిగో. వినపడుతోందా? రేపు పొద్దున పలక్కపోతే నా పేరు మార్చుకుంటాను. చాలా?"

అక్క బోర్డు మీద చెయ్యి పెట్టి ఇంకా ఏదో రాయబోయింది. అప్పుడు అన్నాడు ఆ మాట. "నీకు మాట్లాడాలని లేకపోతే లేదని చెప్పక్కా. అంతేగానీ ఊరికే నెపం పెట్టె మీద పెట్టకు. నా చేతనైంది నేను చేశాను."

అక్క మార్కరుకి మూత పెట్టేసింది. లాగ్‌సారు మెట్లెక్కి పైకి వెళ్తుంటే వెనక టక్‌మని స్విచ్చు చప్పుడు వినపడింది. ఆయన విన్నాడు. చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

మర్నాడు ఆఫీసుకి బయల్దేరి వీధి చివరి దాకా వెళ్ళాక కళ్ళజోడు మర్చిపోయానని గుర్తొచ్చింది. తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. తలుపు తోసేసరికి ఫోను మోగుతోంది. అక్క గదిలో తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పెట్టె ముందు కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూడలేదు.

"అనౌన్సరుగారూ, నేనే." ఒక ముసలి మగ గొంతు. "చెప్పండి. వింటున్నాను."

అక్క నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. గదిలో చడీచప్పుడూ లేదు. మళ్ళీ నొక్కింది. బొటనవేలుతో నొక్కింది, అరచేత్తో నొక్కింది, చివరికి పిడికిలితో గుద్దింది. గుద్దిన ప్రతిసారీ ఆ దిక్కుమాలిన లైటు పచ్చగా వెలిగింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల మనిషి చాలాసేపే ఆగాడు.

"సరేనండీ. అర్థమైంది. ఆరోగ్యం జాగ్రత్త."

ఫోను కట్టయింది. అక్క అలాగే కూర్చుంది.

లాగ్‌సారు గుమ్మంలోంచి అంతా చూశాడు. వీధిలో గోల లేదు, వేలు తడిగా లేదు, స్ప్రింగు బాగానే ఉంది. లైటు వెలుగుతోంది, పెట్టె పలకడం లేదు. అక్క మొదటి రోజు నుంచీ చెప్తున్నది ఇదే.

ఇక్కడ మామూలు మనిషైతే ఏం చేస్తాడు? "ఎవరక్కా ఫోన్లో?" అని అడుగుతాడు. లాగ్‌సారు ఏం చేశాడు? బూట్లు విడిచేసి పెట్టె ముందు చతికిలబడ్డాడు.

ఈసారి ప్రోగ్రాముని ముట్టుకోలేదు. అది తానుగా లేచినట్టే ఉండనిచ్చి, తప్పుల సందేశాలు గాల్లో కలిసిపోకుండా ఒక ఫైల్లో పడేలా చేసి, స్విచ్చు కట్టేసి మళ్ళీ వేశాడు. బటన్ నొక్కాడు. ఫైల్ తెరిచాడు. ఒకే ఒక్క ముక్క ఉంది అందులో. షెల్ అంటోంది, నువ్వు చెప్పిన ఆదేశం నాకు దొరకలేదు అని.

దొరకదు. ఎలా దొరుకుతుంది? వాక్యాన్ని పలికించే ఆ చిన్న ఆదేశం ఆయన సొంతంగా రాసుకుని, తన సొంత ఫోల్డర్లో పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడ వెతకాలో షెల్‌కి ఒక జాబితా ఉంటుంది. లాగ్‌సారు తన పేరుతో లోపలికి వెళ్తే ఆ జాబితాలో ఆయన ఫోల్డరు కూడా ఉంటుంది. పెట్టె పొద్దున్నే తానుగా లేస్తే ఆ జాబితా వేరు. అందులో ఆయన ఊసే లేదు. ప్రతి సాయంత్రం ఆయన వచ్చి నడిపించింది తన ప్రోగ్రాము. ప్రతి పొద్దున అక్కకి దక్కింది ఇంకోటి. రాత్రి అక్క స్విచ్చు కట్టేయకుండా ఉంటే, సాయంత్రం నడిపిందే పొద్దునదాకా నడిచేది. కానీ అక్క స్విచ్చు కట్టేయకుండా ఎప్పుడు పడుకుంది? ఆ సంగతి ఆ ఇంట్లో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

అక్క వచ్చి భుజం పట్టుకుంది. బోర్డు చూపించబోయింది.

"ఉండక్కా, ఉండు. దొరికేసింది. ఒక్క నిమిషం."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయనకి సంతోషంగా ఉంది. తప్పు దొరికితే ఆయనకెప్పుడూ సంతోషమే. ఆదేశం ఎక్కడుందో పూర్తి చిరునామా రాశాడు. అంతే, ఒక్క వాక్యం. అక్కడితో లేచాడా? లేవలేదు. షెల్ తెచ్చే అంకె చూసేలా మార్చాడు. పని జరగకపోతే పచ్చ లైటు వెలగకుండా చేశాడు. లాగ్ రాయించాడు. ఇన్నాళ్ళూ చేయనిదంతా ఆ పొద్దున్నే కూర్చుని శుభ్రంగా చేశాడు. అక్క రెండుసార్లు చొక్కా పట్టుకుని లాగింది. "అయిపోయింది, అయిపోయింది" అన్నాడు తలెత్తకుండా. తర్వాత ఆవిడ లాగడం మానేసింది.

చివరికి స్విచ్చు కట్టేసి, వేసి, నొక్కాడు.

"ఉండండి."

అక్క గొంతు, బస్టాండు ఆపేసే గొంతు, గది నిండా పలికింది. లాగ్‌సారు నవ్వుతూ వెనక్కి తిరిగాడు. అక్క ఒళ్ళో బోర్డు ఉంది. "కంట్రోలర్ గారు. నేను ఉండమంటే ఉంటారు. మధ్యాహ్నం బస్సు."

చదివాడు. మళ్ళీ చదివాడు. గాజు కిటికీ, చేతికర్ర, "చివర గాలి తగిలింది", దువ్వుకున్న తల, ఇస్త్రీ చీర, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. "నాకెందుకు చెప్పలేదక్కా" అనబోయి, ఆ మాట మింగేశాడు. కంట్రోలర్ గారి ఇంటి నంబరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. "మధ్యాహ్నం దాకా టైముంది, నేను తీసుకొస్తాను, నువ్వుండు" అని స్కూటరు తీశాడు.

బస్టాండు టీ కొట్టువాడికి కంట్రోలర్ గారు బాగా తెలుసు. "ఇందాకే వెళ్ళిపోయారండీ, ముందు బస్సుకే. మధ్యాహ్నం దాకా ఆగుదాం నాన్నా అని కూతురు అంటూనే ఉంది. 'ఇంకెందుకమ్మా' అన్నారు" అని చెప్పాడు. ఎంతసేపైందని లాగ్‌సారు అడిగాడు. ఆ కొట్టువాడు చెప్పిన జవాబు విని మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం మార్చి లేచి ఉంటే అందేవాడు. లాగ్ రాయించకుండా, లైటు బాగుచేయకుండా లేచి ఉంటే అందేవాడు.

కూతురి నంబరు బస్టాండులోనే సంపాదించాడు. ఇంటికొచ్చి "ఇప్పుడే చేద్దాం అక్కా" అంటే అక్క వద్దని తల ఊపింది. దారిలో ఉన్న మనిషిని వెనక్కి పిలవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. తర్వాత తర్వాత అంటూ లాగ్‌సారే ధైర్యం చాలక వాయిదా వేశాడు. ఒక సెలవు రోజు పొద్దున ఇక ఉండబట్టలేక చేశాడు. స్పీకరు నొక్కి, ఫోను అక్క పెట్టె పక్కన పెట్టాడు.

కూతురు ఫోను కంట్రోలర్ గారికి ఇచ్చాక జరిగిందంతా చెప్పాడు. పెట్టె పొద్దున ఎందుకు పలకలేదో, తను నమ్మకపోవడం, ఆ రోజు అక్క పిడికిలితో గుద్దడం. "తప్పంతా నాదండీ. అక్కది కాదు" అన్నాడు.

"అలాగా బాబూ" అన్నారు కంట్రోలర్ గారు. "నొక్కారన్నమాట. నేను ఇంకోలా అనుకున్నాను. ఇక్కడికొచ్చాక అక్కడి ఇల్లు ఖాళీ చేసేశామయ్యా. అమ్మాయి నాకోసం ఉద్యోగం కూడా ఇంటి దగ్గరికి మార్పించుకుంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ... అది సరే. అక్కగారు ఉన్నారా అక్కడ?"

"ఉందండీ. వింటోంది."

అక్క చెయ్యి పెట్టె మీదికి వెళ్ళింది. "ఉండండి" అన్న బటన్ మీద వేలు ఆనించింది. ఇప్పుడు నొక్కితే పలుకుతుంది. పలక్కపోతే లైటు వెలగదు, లాగ్ రాస్తుంది, అన్నీ సవ్యంగా ఉన్నాయి. అక్క వేలు అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత పక్కకి జరిగి, పక్క బటన్ నొక్కింది.

"నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి."

పచ్చ లైటు వెలిగింది.

"అదే గొంతు" అన్నారు కంట్రోలర్ గారు. "అదే. ఏం మారలేదు. అనౌన్సరుగారూ, ఆ రోజు ఈ మాట వినపడినా చాలు, ఆగిపోయేవాణ్ణి."

ఫోను పెట్టేశారు. లాగ్‌సారుకి క్షమించమని అడుగుదామంటే ఆ మాట కూడా చిన్నదైపోయింది.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా ఫోన్ చేసి కాటా పనిచేయడం లేదంటే, లాగ్‌సారు లాగ్ అడగడు. "పొద్దున్నే వచ్చి మొదట ఏం చేస్తారు? ఎవరు స్విచ్చు వేస్తారు? మీకు దేనికి కావాలి?" అని అడుగుతాడు. ఈయనకేమైందని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. ఆయన కాదనడు.

అక్కకి ఆయన మీద కోపం లేదు. అదే ఆయన తట్టుకోలేడు. ప్రోగ్రాం ఇప్పుడు రోజూ పొద్దున చక్కగా లేస్తుంది. "తిన్నావురా?" అంటుంది, "తలుపేసుకో" అంటుంది. ఒకప్పుడు ఫోనొచ్చే వేళకి తల మాత్రం దువ్వుకుని ఉంటుంది అక్క, అలవాటు కొద్దీ. ఫోను మోగదు. రాత్రి పడుకునే ముందు స్విచ్చు కట్టేస్తుంది. ఆ టక్‌మన్న చప్పుడికి మెట్ల మీద లాగ్‌సారు కాళ్ళు ఆగిపోతాయి. అక్క గది తలుపు మూసుకునేదాకా అక్కడే నిలబడి, తర్వాత పైకి వెళ్తాడు.